మీ ఉత్తరాలకు జవాబులు: బిడ్డ అక్కడ, మనం ఇక్కడ

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట అడిగాను. వేరే దేశం నుంచి బిడ్డను దత్తత తీసుకోవడానికి ఎదురుచూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే రాయమన్నాను. వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిలో ఒకే మాట ఉంది: "ఎవరితో చెప్పుకోవాలో తెలియక మీకు రాస్తున్నాను."

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. మా అబ్బాయికి ఆరేళ్ళున్నప్పుడు మేము ఫైలు పెట్టాం. ముప్ఫై ఒక్క నెలల తర్వాత మా అమ్మాయి ఇంటికొచ్చింది. అప్పుడు తనకు మూడేళ్ళ నాలుగు నెలలు, ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇందులో తన గురించి రాసిన ప్రతి వాక్యం తనకు చూపించాను. తను కొట్టేసిన రెండు వాక్యాలు తీసేశాను కూడా.

*

ప్రశ్న: అక్కా, మా ఫైలు అవతలి దేశానికి వెళ్ళి ఇరవై మూడు నెలలైంది. గది సర్ది పెట్టాం. మంచం, చిన్న బీరువా, గోడకు బొమ్మలు అన్నీ ఉన్నాయి. ఆ తలుపు మాత్రం ఎప్పుడూ మూసే ఉంటుంది. ఇల్లు మారితే హోమ్ స్టడీ (దత్తతకు ముందు సోషల్ వర్కర్ ఇంటికొచ్చి, కుటుంబాన్ని చూసి రాసే నివేదిక) మొదటికొస్తుందని వేరే ఊళ్ళో వచ్చిన మంచి ఉద్యోగం వదులుకున్నాను. రెండేళ్ళుగా ఎక్కడికీ వెళ్ళలేదు. ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటుంది. మా పాపకు ఏడేళ్ళు. "తమ్ముడు ఎప్పుడొస్తాడు?" అని రోజూ అడిగేది, ఈ మధ్య అడగడం మానేసింది. ఈ విషయం ఎత్తితే మా వారు లేచి వెళ్ళిపోతారు. ఇల్లంతా ఆగిపోయినట్టుంది. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది మీ పాప దగ్గర. పిల్లలు ఇలాంటివి మరిచిపోయి మానరమ్మా. అడిగిన ప్రతిసారీ అమ్మ ముఖం మారడం చూసి మానేస్తారు. మా వాడు నాలుగు నెలలు ఆ మాటే ఎత్తలేదు. ఒక రోజు వాడి స్కూల్ బ్యాగు సర్దుతుంటే మడతపెట్టిన కాగితం దొరికింది. ఇంట్లోవాళ్ళ బొమ్మలు వేశాడు. నాన్న, నేను, వాడు, పక్కన ఒక ఖాళీ గడి. ఇక్కడ ఎవరురా అని అడిగితే "చెప్తే నువ్వు ఏడుస్తావు" అన్నాడు. అంతవరకు నా బాధను వాడి ముందు బాగానే దాచుకుంటున్నానని అనుకున్నాను.

ఆ రోజు వాడికి నిజం చెప్పాను. తేదీ అమ్మకు కూడా తెలియదు, కానీ కాగితాలు ఎక్కడున్నాయో తెలుసు అన్నాను. ఒక పెద్ద కాగితం మీద మెట్లు గీశాం. హోమ్ స్టడీ, మన ప్రభుత్వ ఆమోదం, అవతలి దేశానికి ఫైలు, బిడ్డ వివరాలు, కోర్టు, వీసా, ప్రయాణం. ఫైలు ఉన్న మెట్టు మీద వాడు ఒక బొత్తం అతికించాడు. ఆ బొత్తం పద్నాలుగు నెలలు అక్కడే ఉంది. అయినా వాడు మళ్ళీ అడగడం మొదలుపెట్టాడు. మీరూ అలాంటిదేదైనా చేసి చూడండి. ఇంకో మాట, "తమ్ముడు" అని ఇప్పుడే ఖాయం చేయకండి. పాప కావచ్చు, మీ పాపకు రెండేళ్ళే తేడా ఉన్న బిడ్డ కావచ్చు. ఏడేళ్ళ పిల్ల మనసులో ఉయ్యాలలో బొమ్మలాంటి తమ్ముడుంటే, పరిగెత్తే, గట్టిగా అరిచే, తన పెన్సిళ్ళు లాక్కునే బిడ్డ వచ్చినప్పుడు మోసపోయినట్టు అనుకుంటుంది.

ఆ గది తలుపు తీయండి. మీ పాప అక్కడ కూర్చుని చదువుకోనివ్వండి, ఆ మంచం మీద పడుకోనివ్వండి. మూసి ఉంచిన గది ఇంట్లో అందరికీ బరువే. బట్టలు మాత్రం కొని పెట్టకండి. వయసు తెలియదు, కొలత తెలియదు. నేను కొన్న ఆరు జతల్లో ఒక్కటీ మా అమ్మాయికి పట్టలేదు. వాటిని మళ్ళీ మడిచి పెట్టేటప్పుడు, వాటిలో నేను ఊహించుకున్నది వేరే ఎవరినో అని అర్థమైంది.

ఉద్యోగం గురించి మీ మీద నాకు కొంచెం కోపం వచ్చింది, చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి. వదులుకునే ముందు మీ సోషల్ వర్కర్‌ను అడిగారా? చాలా చోట్ల ఇల్లో ఉద్యోగమో మారితే హోమ్ స్టడీకి అనుబంధ నివేదిక రాస్తారు, మొత్తం మొదటికి రాదు. నియమం దేశాన్ని బట్టి, కొన్ని దేశాల్లో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫలానా చోటికి మారితే ఏమవుతుందని రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చాక నిర్ణయించుకోండి. భయపడి ముందే ఒక్కొక్కటీ వదిలేస్తూ పోతే, రేపు ఇంటికొచ్చే బిడ్డ మీద ఆ అప్పంతా పడుతుంది.

మీ వారి సంగతి. లేచి వెళ్ళిపోయే మనిషికి ఈ విషయం పట్టదని అనుకోకండి. మేమిద్దరం కొన్నాళ్ళు మాట్లాడుకోలేక, తర్వాత ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆదివారం సాయంత్రం అరగంట మాత్రమే ఈ విషయం, మిగతా రోజుల్లో ఇద్దరిలో ఎవరూ ఎత్తకూడదు. మొదటి రెండు ఆదివారాలు ఇద్దరం ఊరికే కూర్చున్నాం. మూడో వారం ఆయన ఒక అంకె చెప్పారు. "బిడ్డకు ఇరవై ఏళ్ళొచ్చేసరికి నాకు అరవై రెండు." ప్రతి నెలా ఆ లెక్క మళ్ళీ వేసుకుంటున్నారట. నాకు చెప్తే ఫైలు వెనక్కి తీసుకుందామంటానని భయపడ్డారట. మీ వారి దగ్గర కూడా అలాంటి లెక్క ఏదో ఉండే ఉంటుంది.

ఫోన్ సంగతి సులువు. దత్తత ఏజెన్సీ నంబరుకు, సోషల్ వర్కర్ నంబరుకు వేరే రింగ్‌టోన్ పెట్టుకోండి. మిగతా ఫోన్లకు గుండె కొట్టుకోవడం వారం పది రోజుల్లో తగ్గుతుంది. నాకు తగ్గింది.

మీరు రాసిన చివరి మాట, ఇల్లంతా ఆగిపోయినట్టుందని. ఆ ముప్ఫై ఒక్క నెలలూ నేనొక నోట్‌బుక్ రాశాను. రోజుకు ఒక లైను, అంతే. మా అమ్మాయికి పదిహేనేళ్ళప్పుడు అది అడిగి తీసుకుంది. శిశుగృహం నుంచి వచ్చిన తన ఫైలు అనువాదం పక్కన పెట్టుకుని తేదీలు కలిపి చూసింది. ఒక రోజు నేను రాసుకున్నది: "ఇవాళ కూడా కబురు లేదు. బాబుకు జలుబు." అదే రోజు అక్కడి ఆయా రాయించినది: "కిటికీ ఊచ పట్టుకుని తనంతట తాను నిలబడింది. చేయి వదలమంటే ఒప్పుకోలేదు." మా అమ్మాయి రెండూ నాకు చదివి వినిపించి, "ఆ రోజు నేను మీ కోసం ఎదురుచూడట్లేదమ్మా, నిలబడటం నేర్చుకుంటున్నాను" అంది.

ఈ మాట ఆ నెలల్లోనే ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. నా బిడ్డ ఎక్కడో ఒంటరిగా మా కోసం ఏడుస్తోందని ఊహించుకుని నేను తిండి మానేసిన రోజులున్నాయి. తనకు అక్కడ ఒక మంచం ఉంది, చేయి పట్టుకునే ఒక ఆయా ఉంది, పక్క మంచంలో ఒక నేస్తం ఉంది. మనం ఎదురుచూస్తున్నాం. బిడ్డ మాత్రం తన రోజులు తాను గడుపుతోంది. మీ ఇంట్లో కూడా రోజులు గడవనివ్వండి. మీ పాపకు ఏడేళ్ళ వయసు ఈ ఒక్క ఏడాదే.

*

ప్రశ్న: మెడికల్ రిపోర్టు రెండోసారి, పోలీసు సర్టిఫికెట్ మూడోసారి. ఇప్పుడు వేలిముద్రలు మళ్ళీ ఇవ్వమంటున్నారు. ఒకటి తెచ్చేలోపు ఇంకోటి గడువు దాటుతోంది. ఒక తండ్రిగా అడుగుతున్నాను, మేమేమైనా నేరం చేశామా?

జవాబు: లేదండీ. మీ విసుగు న్యాయమైనదే. అయితే ఆ పత్రాలు చూసేది మీ ముఖం ఎప్పుడూ చూడని ఒక అధికారి. ఒక బిడ్డను దేశం దాటించి మీ చేతుల్లో పెట్టడానికి ఆ కాగితాలే ఆయనకు ఆధారం. రెండేళ్ళ కిందటి ఆరోగ్యం, రెండేళ్ళ కిందటి జీతం చూసి ఇవాళ బిడ్డను ఇవ్వమని మనం కూడా అడగలేం.

గడువులు దేశానికొక రకంగా ఉంటాయి. ఉదాహరణకు అమెరికాలో, దేశాల మధ్య దత్తతకు సంబంధించిన హేగ్ ఒప్పందం కింద ఇచ్చే ఇమిగ్రేషన్ ఆమోదం 15 నెలలే చెల్లుతుంది. దరఖాస్తుతో పెట్టే హోమ్ స్టడీ ఆరు నెలల కంటే పాతది కాకూడదు. మీ పత్రాలకు ఏ గడువో ఒక్కసారి రాసుకుని, బీరువా తలుపు లోపలి వైపు అతికించండి. గడువు తీరే తేదీ పక్కన ఇంకో తేదీ రాయండి, అంటే కొత్తది మొదలుపెట్టాల్సిన తేదీ. నోటరీ, అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లేలా వేసే అధికారిక ముద్ర), అనువాదం అన్నీ కలిపి ఎన్ని వారాలు పడుతుందో మొదటిసారి అనుభవంతో మీకే తెలిసి ఉంటుంది. అన్ని వారాలు వెనక్కి లెక్కేసి ఆ తేదీ వేయండి. చూడాల్సింది ఆ రెండో తేదీనే.

మా విషయంలో ఒక సర్టిఫికెట్ మీద నా పేరు ఒక్క అక్షరం తేడాగా పడింది. మా ఏజెన్సీలో ఎవరూ గమనించలేదు, మేమూ గమనించలేదు. అవతలి దేశంలో గమనించారు. నాలుగు నెలలు పోయాయి. అప్పటి నుంచి ప్రతి కాగితాన్ని పాస్‌పోర్టు పక్కన పెట్టి, పేరు ఒక్కో అక్షరం వేలుపెట్టి చదివేదాన్ని. స్కాన్ కాపీలన్నీ మీ దగ్గర కూడా ఉంచుకోండి. ఏజెన్సీ దగ్గర ఉన్నాయి కదా అనుకోవద్దు.

*

ప్రశ్న: మాకు ఒక బాబు వివరాలు పంపారు. రెండేళ్ళు. ఫోటో చూసి ఇద్దరం ఏడ్చేశాం. కానీ రిపోర్టులో "ఎదుగుదల వెనకబడి ఉంది" అని ఉంది. జవాబు చెప్పడానికి రెండు వారాలే టైమ్. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫోటోను ఒక్క రోజు పక్కన పెట్టండి. కష్టమని నాకు తెలుసు. అంకెలు చూడండి. బరువు, ఎత్తు, తల చుట్టుకొలత ఏ తేదీన ఎంత ఉన్నాయో రాసి ఉంటుంది. ఒక్క తేదీ కొలతతో ఏమీ తెలియదు. మూడు నాలుగు తేదీలవి ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే పెరుగుదల పట్టికలో పెట్టి గీత ఎటు పోతోందో పిల్లల డాక్టర్ చెప్తారు. లేకపోతే తాజా కొలతలు అడగండి, అది మీ హక్కు. బాబు నడుస్తున్న, తెలిసిన ఆయా వైపు చూస్తున్న చిన్న వీడియో కూడా అడగండి. ఇలాంటి రిపోర్టులు తరచూ చూసే పిల్లల డాక్టర్లు ఉంటారు. మామూలు డాక్టర్ దగ్గర ఆగిపోకుండా వాళ్ళను వెతకండి.

"వెనకబడి ఉంది" అనే మాట చూసి బెదిరిపోకండి. శిశుగృహాల్లాంటి సంస్థల్లో పెరిగే పిల్లలు అక్కడ గడిపిన ప్రతి మూడు నెలలకు, సుమారు ఒక నెలలో పెరగాల్సినంత ఎత్తు వెనకబడతారని ఈ రంగంలోని డాక్టర్లు ఒక అంచనాగా చెప్తారు. ఇంటికొచ్చాక అందులో చాలా భాగం పుంజుకుంటారు. తల చుట్టుకొలత పెరగకపోవడం, పుట్టుకకు ముందు తల్లి మద్యం వాడిన సూచనలు ఉండటం వేరే సంగతి. వాటి గురించి డాక్టర్‌ను సూటిగా అడగండి.

రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, రెండు గుంపుల పిల్లల ఎదుగుదలనూ ఏళ్ళ తరబడి చూశారు. కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లలు మెరుగయ్యారు. రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళు మనుషులకు దగ్గరవడంలో మరింత మెరుగయ్యారు. రెండేళ్ళు దాటితే ఆశ లేదని దీని అర్థం కాదు. మా అమ్మాయి వచ్చింది మూడేళ్ళు దాటాకే. మొదటి ఏడాది తను ఎవరు ఎత్తుకున్నా వెళ్ళిపోయేది. బంధువులు "ఎంత కలుపుగోలు పిల్లో" అని మెచ్చుకునేవారు. నాకు మాత్రం అది చూస్తే లోపల ఏదో పిండేసినట్టుండేది. నా దగ్గరే ఏడవడం, నా దగ్గరికే పరిగెత్తుకు రావడం తను నేర్చుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

అన్నీ తెలుసుకున్నాక మీవల్ల కాదనిపిస్తే కాదని చెప్పండి. ఆ బాబుకు కావలసింది మీరు ఇవ్వగలరా లేదా అని నిజాయితీగా ఆలోచించి చెప్పిన "కాదు" తప్పు కాదు. జాలితో సరే అని తర్వాత చేతులెత్తేస్తే బిడ్డకు రెండోసారి ఇల్లు పోతుంది.

*

ప్రశ్న: మేము నాలుగేళ్ళు ఎదురుచూసిన దేశం విదేశీ దత్తత ఆపేసింది. మాకు ఇంకా ఏ బిడ్డనూ చూపించలేదు. "ఎవరూ రాలేదు కదా, ఇంత బాధెందుకు?" అంటున్నారు అందరూ. మా ఆవిడ వారం నుంచి మాట్లాడటం లేదు.

జవాబు: ఎవరు ఏమన్నా, మీది శోకమే. నాలుగేళ్ళు రోజూ తలచుకున్న మనిషి రాకుండా పోయారు. ముఖం తెలియకపోతే బాధ చిన్నదవుతుందా? ఇద్దరూ ఏడవండి. ఆవిడ మాట్లాడకపోతే మీరే పక్కన కూర్చుని మీ బాధ చెప్పండి.

మీరు ఒంటరివాళ్ళు కారు. రష్యా 2013 జనవరి 1 నుంచి అమెరికన్లకు పిల్లలను ఇవ్వడం ఆపింది. ఇథియోపియా 2018లో విదేశీ దత్తతను నిషేధించింది. 1990ల నుంచి లక్షన్నరకు పైగా పిల్లలను బయటి దేశాలకు పంపిన చైనా, 2024 సెప్టెంబరులో దగ్గరి బంధువుల పిల్లల దత్తత, సవతి పిల్లల దత్తత తప్ప మిగతాదంతా ఆపేసింది. చేతిలో బిడ్డ ఫోటో పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబాలు కూడా అందులో ఉన్నాయి. 2004లో దాదాపు 23 వేల మంది పిల్లలు దత్తతతో అమెరికా వెళ్ళారు. 2023 లెక్కల్లో ఆ సంఖ్య 1,275. కొన్ని చోట్ల రాజకీయం కారణం, కొన్ని చోట్ల మోసాలు బయటపడటం, చాలా చోట్ల సొంత దేశంలోనే పిల్లలకు ఇళ్ళు దొరకడం. ఆ చివరి కారణం పిల్లలకు మంచిదే. ఇవాళ మీకు అది ఓదార్పు కాదని తెలిసే రాస్తున్నాను.

ఇప్పుడే ఇంకో దేశానికి దరఖాస్తు పెట్టకండి. కనీసం కొన్ని నెలలు ఆగండి. "ఫలానా చోట తొందరగా అయిపోతుంది" అని చెప్పే వాళ్ళు ఈ సమయంలోనే మీ దగ్గరికొస్తారు. ఎందుకు అంత తొందరగా అవుతోందని అడగండి. జవాబు తేటగా లేకపోతే అటువైపు వెళ్ళకండి.

*

ప్రశ్న: మేడమ్, విదేశీ దత్తతలో జరిగిన మోసాల గురించి చదివాను. కన్నవాళ్ళు బతికుండగానే అనాథలని రాసి పంపేశారట. మా ఫైలు పెట్టి ఏడాదైంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మేము ఇంకొక తల్లి దగ్గర్నుంచి బిడ్డను లాక్కుంటున్నామా?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నా దండం. ఎదురుచూసే రోజుల్లో అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. చాలామంది బిడ్డ వచ్చి పదేళ్ళయ్యాక అడుగుతారు. నేనూ ఆలస్యంగానే అడిగాను.

మీరు చదివింది నిజమే. విదేశాలకు పంపిన పిల్లల విషయంలో తప్పుడు రికార్డులు సృష్టించారని, కన్నవాళ్ళున్న పిల్లలను దిక్కులేనివాళ్ళుగా రాశారని దక్షిణ కొరియాలో పాత ప్రభుత్వాల కాలపు అన్యాయాలను విచారించిన సత్య, సయోధ్య కమిషన్ 2025 మార్చిలో ప్రకటించింది. ఆ బాధ్యత ప్రభుత్వానిదేనని చెప్పింది. నెదర్లాండ్స్‌లో 2021లో వచ్చిన విచారణ నివేదిక దశాబ్దాల తరబడి సాగిన అక్రమాలను బయటపెట్టింది. ఇవి ఎవరో శత్రువులు పుట్టించిన పుకార్లు కావు. ఆ దత్తత పిల్లలే పెద్దవాళ్ళై తమ కాగితాలు తాము తవ్వుకుని తెచ్చిన నిజాలు.

ఇలాంటివి జరగకూడదనే 1993 మే 29న హేగ్ నగరంలో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడు వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. దాని ప్రకారం, బిడ్డకు ముందు సొంత దేశంలో ఇల్లు దొరుకుతుందేమో చూడాలి. కన్నవాళ్ళ సమ్మతి ఒత్తిడి లేకుండా, డబ్బు ఆశ చూపకుండా, రాతపూర్వకంగా ఉండాలి. తల్లి సమ్మతి అవసరమైన చోట అది బిడ్డ పుట్టాకే తీసుకోవాలి. బిడ్డ పుట్టుపూర్వోత్తరాల సమాచారం భద్రపరచాలి. రాతలో ఇంత ఉంది. ఆచరణలో ఎంత ఉందో తెలుసుకోవడం మన పని.

మీ ఏజెన్సీకి కూర్చుని ఒక ఉత్తరం రాయండి. బిడ్డకు కుటుంబం కోసం ఎవరు వెతికారు, ఎన్నాళ్ళు వెతికారు? దత్తతకు అర్హుడని ఏ అధికారి, ఏ తేదీన తేల్చారు? తోబుట్టువులున్నారా? అసలు భాషలో ఉన్న పత్రాల కాపీలు మాకిస్తారా, లేక మీ అనువాదమేనా? మేము కట్టే ప్రతి రూకా ఎక్కడికి పోతోంది, రసీదు ఇస్తారా? ఈ ప్రశ్నలకు విసుక్కునే ఏజెన్సీ అయితే, మీరు ఎన్నేళ్ళు ఎదురుచూసి ఉన్నా సరే, బయటికి వచ్చేయండి. ఏళ్ళు పోయాయన్న బాధ ఒక తల్లికి బిడ్డ పోయిన బాధ ముందు నిలబడదు.

మా అమ్మాయి ఫైలులో కన్నతల్లి గురించి రెండే లైన్లున్నాయి. తనకు పన్నెండేళ్ళప్పుడు "ఇంతేనా?" అని అడిగింది. మేము దత్తత సమయంలో అడిగి ఉంటే ఇంకో పేజీ దొరికేదేమో. అప్పుడు బిడ్డ చేతికొస్తే చాలనుకున్నాం, ఏమీ అడగలేదు. ఆ ఒక్క పేజీ కోసం ఇప్పుడు తను, నేను కలిసి ఆ దేశపు అధికారులకు రాస్తున్నాం. మూడు ఉత్తరాలు వెళ్ళాయి. మీరు ఇప్పుడే అడగండి.

*

ప్రశ్న: అమ్మాయ్, నాకు డెబ్బై ఒకటి. మా అబ్బాయి, కోడలికి ఒక పాప ఫోటో వచ్చింది. నాకు చూపించారు కానీ ఎవరికీ పంపొద్దన్నారు. నా మనవరాలిని నా అక్కచెల్లెళ్ళకు చూపించుకోకూడదా? మనసు కష్టపెట్టుకున్నాను.

జవాబు: పెద్దమ్మ గారూ, ఆ ఫోటో చూడగానే "నా మనవరాలు" అన్నారు చూడండి, ఆ మాట కోసమే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

కానీ మీ కోడలి మాట విని తీరాలి. చట్టం దృష్టిలో ఆ పాప ఇంకా మీ మనవరాలు కాలేదు. కోర్టు ఉత్తర్వు రావాలి, వీసా రావాలి. మధ్యలో ఆగిపోయిన కేసులున్నాయి. అప్పుడు ఆ ఫోటో ఇరవై మంది ఫోన్లలో ఉంటే, ఒక్కొక్కరూ "పాప ఏమైంది?" అని అడుగుతుంటే మీ కోడలు తట్టుకోలేదు. చాలా ఏజెన్సీలు ఈ దశలో ఫోటో బయటికి వెళ్ళకూడదనే చెప్తాయి. ఇంకొకటి కూడా ఉంది. ఆ పాప ఎక్కడ దొరికింది, జబ్బేమిటి, కన్నవాళ్ళెవరు అన్నది పాప సొంత కథ. పెద్దయ్యాక ఎవరికి చెప్పుకోవాలో తనే నిర్ణయించుకోవాలి. బంధువులందరికీ ముందే తెలిసిపోతే ఆ అవకాశం తనకు ఉండదు.

మీరు చేయగలిగింది ఒకటుంది. మీ గొంతుతో జోలపాటలు, చిన్న కథలు ఫోన్‌లో రికార్డు చేసి కొడుక్కి ఇవ్వండి. శిశుగృహం వాళ్ళు ఒప్పుకుంటే పాపకు వినిపిస్తారు. మా అత్తగారు అలా చేశారు. మా అమ్మాయికి మా ఇంట్లో ముందుగా తెలిసినది ఆవిడ గొంతే.

*

ప్రశ్న: వచ్చే నెల ప్రయాణం. మా బాబుకు నాలుగేళ్ళు. వాడి భాష మాకు రాదు. ఇంత తక్కువ టైమ్‌లో ఏం నేర్చుకోవాలి?

జవాబు: వ్యాకరణం వద్దు. ఆ భాష మాట్లాడేవారెవరినైనా పట్టుకుని పది పదిహేను మాటలు నేర్చుకోండి. దాహంగా ఉందా, నొప్పి ఎక్కడ, బాత్రూమ్‌కి వెళ్దామా, చలిగా ఉందా, నేను ఇక్కడే ఉన్నాను, మళ్ళీ వస్తాను, అయిపోయింది, ఇంకా కావాలా. శిశుగృహంలో వాడిని ఏ ముద్దుపేరుతో పిలుస్తారో అడిగి తెలుసుకోండి. నిద్రపుచ్చేటప్పుడు ఆయా ఏమంటుందో అడిగి, వీలైతే ఆమె గొంతుతోనే రికార్డు చేసుకోండి. వాడు కప్పుకునే దుప్పటి ఇస్తారేమో అడగండి. ఇస్తే ఉతక్కండి, ఆ వాసన వాడికి కావాలి.

మొదటి రాత్రి హోటల్ గదిలో మా అమ్మాయి ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అంది. మాకు అర్థం కాలేదు. నీళ్ళిచ్చాం, ఎత్తుకున్నాం, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాం. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. మర్నాడు మా అనువాదకురాలికి ఆ మాట పలికి చూపిస్తే చెప్పింది, "లైటు ఆర్పొద్దు" అంటోందని. ఆ వాక్యం కూడా నేర్చుకుని వెళ్ళండి.